మేస్త్రీ గారి చేతిపని

ఆ వీధిలో ఏ ఇంటి గేటు కిర్రుమన్నా, ఏ కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకున్నా జనం నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "మేస్త్రీ గారికి చెప్పండి." నిజానికి ఆయన మేస్త్రీ కాదు. వడ్రంగి అంతకంటే కాదు. మందుల గోడౌనులో తనిఖీ గుమాస్తా. లారీల్లోంచి దిగిన పెట్టెల సీళ్లు చూడటం, దారిలో ఎవరైనా విప్పి మళ్లీ అతికించారేమో కనిపెట్టటం ఆయన ఉద్యోగం. టేపు అంచు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆయన కళ్లు కప్పటం ఎవరి తరమూ కాదని గోడౌనులో పేరు. అయితే ఉద్యోగం పొట్టకోసం. ప్రాణం మాత్రం పెరట్లోని రేకుల షెడ్డులో ఉండేది.

మేస్త్రీ అన్న పేరు పెట్టింది బావమరిది. పెళ్లయిన కొత్తలో ఆయన వంటింటి తలుపుకి గడియ బిగిస్తుంటే, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడి, "బావా, నువ్వు పొరపాటున గుమాస్తావి అయ్యావు గానీ పుట్టుకతో మేస్త్రీవి" అన్నాడు. ఆ మాట ఇంట్లోంచి ప్రహరీ దాటి పక్కింటికి, అక్కడినుంచి వీధి చివరిదాకా పాకింది. మేస్త్రీ గారూ అని ఎవరైనా పిలిస్తే ఆయన పైకి చిన్నగా విసుక్కునేవాడు, లోపల మురిసి ముక్కలయ్యేవాడు.

ఆయనకు ఈ పిచ్చి పుట్టటానికి ఒక కారణం ఉంది. ఆయన పెరిగిన ఇంట్లో ఏది విరిగినా విరిగినట్టే ఉండేది. కప్పు కారితే కింద బకెట్టు పెట్టేవారు. తలుపు వేలాడితే తాడు కట్టేవారు. తండ్రి ఏమడిగినా "రేపు చూద్దాంలే" అనేవాడు. ఆ రేపు ఆయన పోయేదాకా రాలేదు. తనకంటూ ఇల్లు ఏర్పడ్డాక ఒక్క రోజు కూడా ఏ వస్తువునూ విరిగినట్టు ఉండనివ్వకూడదని ఈయన ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే ఆదివారం వచ్చిందంటే ఇంకా ఎవరూ లేవకముందే పాత చొక్కా తొడుక్కుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, షెడ్డు తలుపు తీసేవాడు. రేడియో సన్నగా మోగుతుండేది. రంపపు పొట్టు వాసన పెరడంతా కమ్ముకునేది.

పుస్తకాల అర, చెప్పుల స్టాండు, వంటింట్లో డబ్బాలు పెట్టుకునే బల్ల, కిటికీలకు దోమల జాలీ ఫ్రేములు, పెరట్లో కూర్చోటానికి బెంచీ, ఇలా ఆ ఇంట్లో ఆయన చెయ్యి పడని మూల లేదు. ఆయనకు కొన్ని పట్టింపులు కూడా ఉండేవి. తల మీద ఒకే గీత ఉన్న ఇత్తడి స్క్రూలు తప్ప వాడేవాడు కాదు. ప్లస్ గుర్తు స్క్రూలంటే గిట్టేవి కావు. "అవి మిషన్ల కోసం పుట్టినవి. గీత స్క్రూ మనిషి చేతికోసం పుట్టింది" అనేవాడు. పని పూర్తయ్యాక స్క్రూల తలల మీది గీతలన్నీ నిలువుగా, బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు వరసగా ఉండేలా చివరి చుట్టు సర్దేవాడు. ఎవరూ చూడరు. అయినా సర్దేవాడు.

పని చేస్తూ ఏవేవో ఆలోచనలు చేసేవాడు. భోజనాల దగ్గర వాటిని బయటపెట్టేవాడు.

"ఇల్లంటే ఒకసారి కట్టి చేతులు దులుపుకునేది కాదు, రోజూ కట్టుకుంటూనే ఉండేది. కాపురం కూడా అంతే."

"అవునండీ" అనేది భార్య, పప్పు వడ్డిస్తూ.

"నాన్నా, నువ్వో పుస్తకం రాయి" అనేది కూతురు. ఆ అమ్మాయి అప్పటికి కాలేజీలో చేరింది.

ఆదివారం సాయంత్రాలు బావమరిది వచ్చేవాడు. అతనిది దుకాణాలకు నేమ్ బోర్డులు తయారుచేసి బిగించే పని. ఎంత ఎత్తు గోడకైనా, ఎంత బరువు బోర్డైనా అతను బిగిస్తే గాలివానకు కూడా కదలదని దుకాణదారుల నమ్మకం. అందుకే ఆయన కొత్తగా ఏది చేసినా ముందు బావమరిదికే చూపించేవాడు.

"మొహమాటం వద్దు. నిజం చెప్పరా. ఎలా ఉంది?"

బావమరిది వస్తువు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వేళ్లతో టకటకా కొట్టి చూసి, తల పంకించేవాడు. "బ్రహ్మాండం బావా. నీ మనవలు కూడా వాడుకుంటారు."

ఆ మాటతో ఆయనకు వారం మొత్తం గడిచిపోయేది.

ఆ రోజు కూడా ఆదివారమే. తల్లీకూతుళ్లు సినిమాకి వెళ్లారు. హాలుకు రంగు వేయాలని ఆయన ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడు. పుస్తకాలన్నీ దింపి, అర విప్పటానికి స్క్రూడ్రైవరు పట్టుకుని కుర్చీ ఎక్కాడు. ఎక్కినవాడు అలాగే ఆగిపోయాడు.

ఒక స్క్రూ గీత అడ్డంగా పడుకుని ఉంది. దాని పక్కది ఏటవాలుగా ఉంది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. అన్నీ తలో దిక్కుగా ఉన్నాయి. ఇన్నేళ్లూ పుస్తకాల వెనక ఉండి కనబడలేదు గానీ, ఒక్కటి కూడా ఆయన నిలబెట్టినట్టు లేదు.

స్క్రూ దానంతటది తిరగదు. ఎవరో తిప్పాలి. రోజూ గోడౌనులో పెట్టెల ముందు నిలబడి అనుకునే మాట ఇప్పుడు సొంత హాల్లో కుర్చీ మీద నిలబడి అనుకోవాల్సి వచ్చింది. ఒకటి విప్పాడు. తను వాడిన దానికి రెండింతల పొడవుంది. గోడ కన్నంలో ప్లాస్టిక్ ప్లగ్గు దిగేసి ఉంది. తను ఏనాడూ ప్లగ్గులు వాడలేదు. కన్నంలో చెక్క ముక్క దిగ్గొట్టి దానికే బిగించేవాడు. అర కిందికి దింపి వెనక్కి తిప్పితే రెండు ఇనప బద్దీలు కనబడ్డాయి. చెక్క రంగులోనే రంగు పూసి ఉన్నాయి, ఎవరి కంటా పడకూడదన్నట్టు.

దొంగ వచ్చాడేమో అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. వెంటనే ఆయనకే నవ్వొచ్చింది. దొంగ ఉన్నది ఊడబెరుక్కుని పోతాడు గానీ, ఊడబోయేదానికి బలం పెట్టి పోతాడా?

వంటింట్లోకి వెళ్లాడు. డబ్బాల బల్ల కింద ఇనప బద్దీలు. కిటికీ జాలీ తీశాడు. ఫ్రేము మూలల్లో ప్లస్ గుర్తు స్క్రూలు. చెప్పుల స్టాండు తిరగేశాడు, అక్కడా అంతే. ఆఖరికి పెరట్లోకి వెళ్లి బెంచీని బోర్లా వేశాడు. అది చూసి గట్టు మీద కూలబడ్డాడు. ఆ బెంచీ తను చేసింది కానే కాదు. తను చేసింది గోడౌనులో పారేసిన పెట్టెల చెక్కతో. ఇది గట్టి కలప. కొలతలు అవే, అంచుల గుండ్రం అదే, పైన పాలిష్ కూడా అదే రంగు. ఎన్ని సాయంత్రాలు దాని మీద కూర్చుని, చేత్తో అంచు నిమురుకుంటూ "నా బెంచీ" అనుకున్నాడో!

ఇల్లంతా గాలిస్తే తను చేసింది చేసినట్టు మిగిలింది స్నానాల గదిలో తువ్వాలు తగిలించే కొక్కెం ఒక్కటే. దాన్ని ఎవరూ వాడరు.

తల్లీకూతుళ్లు వచ్చేసరికి హాలు రణరంగంలా ఉంది. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు స్క్రూల కుప్ప.

"ఇదేంటండీ, ఇల్లంతా విప్పి పోగులు పెట్టారు?" అంది భార్య గుమ్మంలోనే ఆగి.

"నేను విప్పింది రెండోసారి. మొదటిసారి విప్పిందెవరు?"

"మొదటిసారేంటి? మీరేం మాట్లాడుతున్నారో నాకు అర్థం కావట్లేదు."

ఆ గొంతు ఆయనకు కొత్త కాదు. సీలు ఊడిన పెట్టె ముందు నిలబడి లారీ డ్రైవర్లు మాట్లాడే గొంతు అది. పాతికేళ్ల కాపురంలో భార్య నోట దాన్ని వినటం మాత్రం ఇదే మొదలు.

కూతురు చెప్పులు కూడా విప్పలేదు. "అమ్మా, ఇంక చెప్పేసెయ్" అంది.

"నువ్వు లోపలికి వెళ్లు."

"వెళ్లను. ఎన్నాళ్లు దాస్తాం?" అని తండ్రి వైపు తిరిగింది. "మావయ్య, నాన్నా. నువ్వు ఆఫీసుకి వెళ్లాక మావయ్య వచ్చి సరిచేసేవాడు."

"ఏది?"

అమ్మాయి తల దించుకుంది. "అన్నీ."

భార్య వచ్చి ఆయనకు ఎదురుగా నేల మీదే కూర్చుంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మాయి చిన్నప్పుడు మంచం పైన బొమ్మలకి అర ఒకటి కొట్టారు, గుర్తుందా? మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే అది ఊడి పడింది. కనుబొమ మీద చీరుకుపోయింది. ఇంకొంచెం కిందికి తగిలుంటే కన్ను పోయేదన్నాడు డాక్టరు. తమ్ముణ్ణి పిలిచాను. వాడే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మీరు వచ్చేలోపు అర మళ్లీ బిగించేశాడు."

ఆయన కూతురి కనుబొమ వైపు చూశాడు. ఆ మచ్చ ఆయనకు తెలుసు. ఎన్నోసార్లు వేలితో తడిమాడు.

"బడిలో జారుడుబల్ల మీంచి పడిందన్నావు."

"అన్నాను."

"నేను బడికి వెళ్లాను."

భార్య వేలికి కొంగు చుట్టటం ఆపింది.

"వెళ్లి, ఆటల దగ్గర పిల్లల్ని చూసుకునే ఆవిణ్ణి నలుగురి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాను. ఆవిడ ఏడుస్తూ దణ్ణం పెట్టింది. 'పొరపాటైపోయింది బాబూ, నా కళ్లు కప్పి ఎక్కినట్టుంది' అంది. ఇంటికొచ్చి నీకు చెప్పాను. నువ్వు విన్నావు. విని ఊరుకున్నావు."

"అప్పుడు చెబితే మీరు తట్టుకోలేరనుకున్నాను."

"నేను తట్టుకోలేనని ఆవిణ్ణి తట్టుకోమన్నావా?"

మర్నాడు ఆయన గోడౌనుకి సెలవు పెట్టి ఆ బడికి వెళ్లాడు. ఆవిడ ఎప్పుడో మానేసిందట. ఎక్కడుంటుందో చెప్పగలిగినవాళ్లు లేరు. ఆటస్థలంలో జారుడుబల్ల మాత్రం ఉంది. దాని చుట్టూ తిరిగి, కాసేపు నిలబడి, ఎవరి పిల్ల కోసం వచ్చారని వాచ్‌మన్ అడిగితే ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేశాడు.

గేటు దగ్గర పక్కింటి డ్రాయింగు మాస్టారు ఎదురుపడ్డాడు. రిటైరై ఇంటిపట్టునే ఉండే మనిషి, మంచివాడే, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు.

"మేస్త్రీ గారూ, నిన్న ఇంట్లో ఏవో చప్పుళ్లు. కొత్తదేమైనా మొదలుపెట్టారా?"

"మాస్టారూ, మా బావమరిది పగటిపూట మా ఇంటికి వచ్చేవాడా?"

"వస్తే ఏముంది? నిచ్చెన మా ఇంట్లోంచేగా తీసుకెళ్లేది. మహా సరదా మనిషి. 'మేస్త్రీ గారి చెయ్యి పడింది, ఇక మన చెయ్యి పడాలి' అంటూ నవ్విస్తూ వెళ్లేవాడు. మా గేటు కూడా అలాగేగా సరిచేశాడు." ఎదుటి మనిషి మొహం చూసి మాస్టారు నవ్వు మధ్యలో తెగింది. "అదేంటి, మీకు తెలుసనే అనుకున్నాం అందరం."

అందరం! ఆ ఒక్క మాట ఆయన చెవిలో సీసం పోసినట్టు దిగింది. అంటే వీధి మొత్తానికీ తెలుసు. గేటు కిర్రుమంటే తనని పిలిచినవాళ్లే, తను వెళ్లిపోయాక బావమరిదికి కబురు పెట్టేవాళ్లన్నమాట. వీళ్ల మధ్య తను పెన్సిలు చెవిన పెట్టుకుని, చిన్నపిల్లల పెళ్లాటలో పెళ్లికొడుకులా తిరిగాడు.

అక్కడినుంచి అటే బావమరిది దుకాణానికి వెళ్లాడు. అతను ఏదో బట్టల కొట్టు బోర్డుకి అక్షరాలు అతికిస్తున్నాడు. బావని చూసి జిగురు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు.

"రా బావా. కూర్చో. టీ చెప్పనా?"

"మీ అక్క ఫోన్ చేసిందా?"

"చేసింది." నవ్వటానికి ప్రయత్నించాడు. అతనికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు నవ్వు వస్తుంది. "ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం ఎందుకు బావా? నీ సంతోషం పాడుచెయ్యకూడదనే గదా మా తాపత్రయం."

"ప్రతి ఆదివారం నీ ముందు నిలబడి నిజం చెప్పరా అని అడిగేవాణ్ణి. అడిగానా లేదా?"

"అడిగావు."

"ఒక్కనాడైనా నీ నోట్లో నిజం కదల్లేదా?"

"కదిలేది. నీ మొహం చూసి మింగేసేవాణ్ణి. చంటిపిల్లాడు బొమ్మ గీసి చూపించినట్టు చూపించేవాడివి. ఎలా చెప్పమంటావు?"

"చంటిపిల్లాడికైనా ఆవు కొమ్ములు ఇటు కాదురా, అటు గియ్యాలి అని చెబుతారు. ప్లగ్గు ఎంత లోతు దిగాలో నీకు తెలుసు. చెప్పటానికి ఎంతసేపు పట్టేది? చెప్పి ఉంటే నేర్చుకునేవాణ్ణి కదా! ఈపాటికి నిజంగానే మేస్త్రీనై ఉండేవాణ్ణేమో. నా తప్పుల్ని నా కంట పడకుండా ఎత్తుకుపోయారు మీరు. తప్పే కనబడనివాడు ఏం నేర్చుకుంటాడు?"

బావమరిది మొహంలో నవ్వు అప్పటికి పూర్తిగా పోయింది. "నా సంగతి ఎవరైనా ఆలోచించారా బావా?" అన్నాడు, గొంతు మారి. "నా పని మానుకుని వచ్చేవాణ్ణి. నడుం పడిపోయినా వచ్చేవాణ్ణి. బెంచీకి నీ పాలిష్ రంగు కలపటానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అంతా చేసి, ఆదివారం వచ్చి నా పనినే నీ పనిగా పొగడాలి. ఏనాడైనా నాకు ఒక్క మెచ్చుకోలు వచ్చిందా? అక్క ఏడుపు చూడలేక చేశాను."

"అందుకని వీధిలో నా మీద జోకులు వేసి ఆ మెచ్చుకోలు రాబట్టుకున్నావా?"

అతను జిగురు గుడ్డని మళ్లీ చేతుల్లోకి తీసుకున్నాడు.

"మేస్త్రీ అన్న పేరు పెట్టింది నాకా, నీకా?"

టీ వచ్చింది. ఆయన తాగకుండానే లేచి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో రోజులు ఒక పట్టాన గడవలేదు. అరుపులూ కేకలూ ఏమీ లేవు. ఉంటే బాగుండేదేమో. ఆయన షెడ్డుకి తాళం వేశాడు. ఆదివారం పేపరు పట్టుకుని సోఫాలో కూర్చునేవాడు, అదే పేజీ మధ్యాహ్నం దాకా. వంటింటి కుళాయి కారటం మొదలుపెడితే, "కుళాయి..." అని సగంలో ఆగిపోయింది భార్య.

"మీ తమ్ముణ్ణి పిలువు. పగలే రమ్మను. ఇప్పుడు నేనున్నా ఫరవాలేదు" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆవిడ తమ్ముణ్ణి పిలవలేదు. కుళాయి కింద గిన్నె పెట్టింది. ఆ టపటపలు వింటూ, తను పెరిగిన ఇల్లు గుర్తొచ్చి, ఆయన లేచి వెళ్లిపోయాడు.

అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఆయనకు ఇక ఏ మంచిమాటా లోపలికి దిగేది కాదు. భార్య 'ఈ చొక్కా మీకు బాగుందండీ' అంటే వెళ్లి ఆ చొక్కా విప్పేసి వేరేది తొడుక్కునేవాడు. గోడౌనులో మేనేజరు "మీలా సీళ్లు చూసేవాడు ఇంకొకడు లేడయ్యా" అంటే, సాయంత్రం అందరూ వెళ్లాక తను చూసిన పెట్టెలన్నీ ఇంకెవరైనా మళ్లీ చూస్తున్నారేమోనని తలుపు చాటున నిలబడి గమనించాడు. ఎవరూ చూడటం లేదు. అయినా నమ్మకం కుదరలేదు. పాత రోజులన్నీ ఒక్కొక్కటే విప్పి చూసుకునేవాడు. ఎప్పుడో నేను వండి పెట్టిన రోజు అందరూ ఆవురావురుమని తిన్నారే, ఆ ఆకలి నిజమేనా? నేను పాడిన పాటకి చప్పట్లు కొట్టారే, ఆ చప్పట్లు ఏ రకం?

ఒక రోజు భార్యకు ఓపిక తెగింది. ఆయన తిన్న పళ్లెం ఎత్తి తీసుకెళుతుంటే, "కూర ఎలా ఉందో మీరైనా నిజం చెప్పండి" అంది, కావాలనే.

"బాగానే ఉంది. నిజం చెప్పటం అలవాటున్నవాణ్ణి."

ఆవిడ పళ్లెం ఠపీమని కింద పెట్టింది. "నేను చెప్పలేదనుకుంటున్నారా? పెళ్లయిన కొత్తలో దండెం కట్టారు. ఇది బరువుకి ఆగదండీ అన్నాను. ఆ ఒక్క మాటకి వారం రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూర్చుంటే 'మా నాన్న కూడా ఇంతే, తను ఏదీ ముట్టుకునేవాడు కాదు గానీ నా చేతకానితనం కోసం ఎదురు చూసేవాడు' అన్నారు. కొత్తకాపురం. నాకు ఇంట్లో మాట్లాడటానికి మీరు తప్ప మరో మనిషి లేరు. ఆ వారం నేనెలా గడిపానో మీకు తెలుసా? దండెం నిజంగానే తెగింది. బట్టలన్నీ మళ్లీ ఉతుక్కుని, దాన్ని నేనే ముడేసుకున్నాను. ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషికి ఇంకెప్పుడూ చెప్పకూడదని."

ఆయనకు ఆ దండెం గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. కానీ ఆవిడ చెబుతున్న మాటలు తనవేనని, ఆ అలక తనదేనని తెలుస్తూనే ఉంది.

"అలిగాను. సరే, తప్పే. ఒక్కసారి అలిగినందుకు జన్మంతా అబద్ధమా?"

"ఒక్క అబద్ధమే చెప్పాను. మిగతావన్నీ దాన్ని నిలబెట్టటానికి."

ఆవిడ గిన్నెలు కడుక్కుంటూ ముక్కు చీదింది. ఆయన పెరటి గుమ్మంలో నిలబడి షెడ్డు వైపు చూశాడు.

తాళం తీసింది మరికొన్ని వారాలు పోయాక. ఇంటికోసం కాదు. ఇంట్లో దేన్నీ ముట్టుకోదలచలేదు. ఊరికే కూర్చోవటానికి ఒక స్టూలు, తనకోసం, షెడ్డులోనే వేసుకోవటానికి. రేడియో పెట్టలేదు. కాళ్లు కోసి, పలకకి బిగించి, నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసుకున్నాడు. బాగానే ఉన్నట్టు కనబడింది. ఎప్పుడూ ఆయన కంటికి బాగానే ఉన్నట్టు కనబడేది. అదే కదా వచ్చిన చిక్కు.

కూతురు టీ తెచ్చి, గుమ్మంలో తటపటాయించి, లోపలికి వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. నోరు తెరిచి మూసుకుంది. ఈ పిల్ల 'బాగుంది నాన్నా' అంటే, స్టూలుని అప్పటికప్పుడు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేయాలనుకున్నాడు.

"ఊగుతోంది" అంది.

"ఏమన్నావు?"

"ఊగుతోంది నాన్నా. ఒక కాలు పొట్టిగా ఉంది." చెప్పేసి, దెబ్బ కోసం కాచుకున్నదానిలా భుజాలు దగ్గరికి తీసుకుంది.

అలక వస్తుందేమోనని ఆయన కూడా ఎదురు చూశాడు. వచ్చింది. ఏదో కటువైన మాట నాలుక చివర నిలిచింది. ఆయన టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, ఆ మాటని దాంతోపాటు మింగాడు. అది దిగటానికి చాలాసేపు పట్టింది.

"ఏ కాలు?" అన్నాడు.

అమ్మాయి లేచి, వంగి, వేలితో చూపించింది. ఆయన పెన్సిలు తీసి దాని మీద గుర్తు పెట్టాడు. మిగతా మూడూ దానికి సమానంగా కోశాడు. ఈసారి ఇంకో కాలు పొట్టిదైంది. ఇద్దరూ కలిసి అలా కోస్తూ పోతే స్టూలు చివరికి పీటలా తయారైంది. అయినా అది ఊగలేదు. అమ్మాయి దాని మీద కూర్చుని, అటూ ఇటూ బరువు వేసి చూసి, "ఇప్పుడు నిలబడింది. కానీ పలక గరుగ్గా ఉంది, గుచ్చుకుంటోంది" అంది. ఆయన గరుకు కాగితం అందుకున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఇంట్లో ఒక మాట విని, దాన్ని విప్పి చూడాల్సిన పని లేకుండా నమ్మాడు.

భార్యతో మాటలు మెల్లమెల్లగా కలిశాయి. కలవక చస్తాయా, ఒకే కప్పు కింద ఉన్నాక! కుళాయి ఆయనే విప్పాడు. ఆవిడ పక్కనే లైటు పట్టుకుని నిలబడింది. బిగించాక నీళ్లు కారుతూనే ఉన్నాయి. "కారుతోందండీ" అంది, పలుకులు తడబడుతూ. ఆయన మళ్లీ విప్పాడు. కానీ రోజులో ఏదో ఒక సమయంలో ఆవిడ దేన్నో మెచ్చుకున్నప్పుడు, ఆయన కళ్లు ఒక్క క్షణం ఆవిడ మొహం మీద ఆగేవి, టేపు అంచుని చూసినట్టు. ఆ చూపు ఆవిడకు తెలిసేది. కానీ ఏమనగలదు?

బావమరిది చాలాకాలం రాలేదు. ఒక ఆదివారం సాయంత్రం అక్క బతిమాలితే వచ్చాడు. పెరట్లోకి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "బాగున్నావా బావా?"

"బాగున్నాను. నువ్వు?"

"ఏదో ఉన్నాను. నడుం నొప్పి."

"కూర్చో" అని ఆయన ఆ పొట్టి స్టూలు ముందుకి జరిపాడు.

బావమరిది కూర్చోబోయి, ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, వంగి, పలక కింద చెయ్యి పెట్టి కాలు అతుకుని వేళ్లతో తడిమాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు ఆయన.

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా బావమరిది నిప్పు మీద పెట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కూర్చోలేదు. అక్క ఇచ్చిన టీ నిలబడే తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, వెళ్లొస్తానన్నాడు. ఆయన మంచిదన్నాడు. గేటు మూసిన చప్పుడయ్యేదాకా ఆగి, గరుకు కాగితం తీసి, ఇంకా కొంచెం గుచ్చుకుంటున్న అంచు మీద రుద్దటం మొదలుపెట్టాడు.